కేరాఫ్ చిరునామాల చరిత్ర



మా మనుమడు ఇంటి రౌటరును సరిచేస్తూ 192.168.1.1 అని కొట్టాడు. బందరులోని నా పాత సహోద్యోగి ఇంట్లోనూ అదే సంఖ్య. రెండిళ్ళకు ఒకే చిరునామా అయితే ఉత్తరం ఎవరికి చేరాలి? వ్యాకరణం చదివినవాడికి సందేహం వస్తే ఒక పట్టాన వదలదు.

1981 సెప్టెంబరులో వెలువడిన ఐపీ నిబంధన ప్రతి యంత్రానికీ 32 బిట్ల చిరునామాను విధించింది. లెక్కిస్తే 429 కోట్ల పైచిలుకు. ఆనాటికది అక్షయపాత్ర! ఒక్కొక్క పెద్ద సంస్థకు కోటీ అరవై ఏడు లక్షల చొప్పున ధారపోశారు. పదేళ్ళు తిరిగేసరికి పాత్ర అడుగు కనబడసాగింది.

1994 మే నెలలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అను ఇరువురు ఆర్.ఎఫ్.సి. 1631 అనే పత్రంలో ఒక ఉపాయం చెప్పారు. అదే 'నాట్', అనగా చిరునామాల మార్పిడి. (అనువాదం అందామంటే పండితుడనైన నాకు మనసొప్పలేదు.) నేను ఉద్యోగంలో చేరిన పల్లెటూరి బడిలో మా ఉత్తరాలన్నీ కేరాఫ్ హెడ్మాస్టరుగారే. రౌటరు చేసేదీ అంతే. లోపలి యంత్రం పంపిన ఉత్తరంపై దాని చిరునామా చెరిపి తనది వ్రాస్తుంది. ఎవరిదేదో పోర్టు సంఖ్యతో పట్టికలో గుర్తుంచుకొని, జవాబు రాగానే వారికి అందజేస్తుంది. లోపలి వాడకానికని 1994 మార్చిలో మూడు సంఖ్యాశ్రేణులను ప్రత్యేకించారు. 192.168తో మొదలయ్యేది వాటిలో ఒకటి. నా సందేహం తీరింది.

ఆ ఇరువురి నిజాయితీ నాకు నచ్చింది. ఇది తాత్కాలికమనీ, ఆ మాత్రానికైనా తగునో తగదోననీ తామే వ్రాసుకున్నారు. శాశ్వత పరిష్కారమైన 128 బిట్ల చిరునామా 1995 డిసెంబరులోనే నిబంధనగా వచ్చింది. కాని పందిరి చల్లగా ఉంటే ఇల్లు కట్టేదెవరు? 2011 ఫిబ్రవరి 3న కేంద్ర భాండాగారంలోని పాత చిరునామాలు చివరి వాటాలతో సహా పంచివేయబడ్డాయి.

నష్టం ఎక్కడంటే, బడికి కేవలం "పండితులుగారికి" అని కొత్త ఉత్తరం వస్తే మా అటెండరు తికమకపడేవాడు, ఇద్దరం పండితులం మరి! రౌటరూ అంతే. తాను పంపినదానికి జవాబయితే చేరుస్తుంది, పిలవని ఉత్తరాన్ని పారవేస్తుంది. ఫలానా పోర్టుకు వచ్చినది ఫలానా యంత్రానికని ముందే చెప్పాలి. నేను నలభయ్యేళ్ళుగా ఏరిన సామెతలను ఇంటి కంప్యూటరులో ఉంచి మిత్రులకు చూపాలని, మనుమడు అలాగే 8080 పోర్టును 192.168.1.20కి కట్టాడు. ఎవరికీ అందలేదు. చూడగా రౌటరు బయటి చిరునామా 100.72తో మొదలవుతున్నది. అది 2012 ఏప్రిల్‌లో సర్వీసు సంస్థల లోపలి వాడకానికి కేటాయించిన శ్రేణిలోనిది. అనగా మా కేరాఫ్‌కు పైన మరో కేరాఫ్! అక్కడి పట్టిక మా చేతిలో లేదు. మొదట ప్రతి యంత్రమూ అడగగలదు, చెప్పగలదు. నేడు మా ఇల్లు అడగడానికే మిగిలింది.

సర్వీసు సంస్థవారిని అడిగితే స్థిరమైన చిరునామాకు వేరే రుసుమన్నారు. 128 బిట్ల దారి చూస్తానని మనుమడు మాట ఇచ్చాడు. అంతవరకు సామెతలు కావలసినవారు జాబు వ్రాయండి, పంపుతాను.