చాటువులు: కవుల మీద కవులు చెప్పిన పద్యాలు

తెనాలి రామకృష్ణుడి కథ చెప్పని తెలుగు బడి ఉండదు. రాయలవారి సభలో పెద్దన, భట్టుమూర్తి, సూరన బారులు తీరి కూర్చుంటారు, రామకృష్ణుడు లేచి ఒక్క పద్యంతో ఎవరో ఒకరి పరువు తీసేస్తాడు, సభంతా గొల్లుమంటుంది. చిన్నపిల్లలు కేరింతలు కొడతారు. కొంచెం పెద్దవాళ్ళు మాత్రం అడిగేస్తారు: "ఇది నిజంగా జరిగిందా?" ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండాలండీ.

తేదీలు చూడండి. కృష్ణదేవరాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు. పెద్దన మనుచరిత్రను ఆయనకే అంకితమిచ్చాడు, అందులో పేచీ లేదు. కానీ భట్టుమూర్తి అని మనం పిలిచే రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది తిరుమల దేవరాయలికి. ఆయన గద్దెనెక్కింది 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత. సూరన కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణమరాజుకి చేరింది. వీళ్ళందర్నీ ఒకే సభలో, ఒకే సాయంత్రం కూర్చోబెట్టడం కథకే సాధ్యం.

మరి అబద్ధం నేర్పుతున్నామా? అలా అనుకోనక్కర్లేదు. చాటువు అంటే సంస్కృతంలో ప్రియమైన మాట, ముఖస్తుతి. తెలుగులో అది పొగడ్తకీ వెక్కిరింపుకీ కూడా సరిపోయే విడి పద్యమైంది. గ్రంథాల్లో కాదు, నోళ్ళలో బతికింది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పోగుచేసి 'చాటుపద్య మణిమంజరి'గా అచ్చువేయకపోతే ఎన్ని మిగిలేవో! మన అమెరికాలోనే, మాడిసన్‌లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్‌తో కలిసి 1998లో వీటిని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇంట్లో తెలుగు లిపి చదవలేని టీనేజర్లుంటే ఆ పుస్తకం ఇచ్చి చూడండి.

నా మటుకు నాకు, ఆ ఊహాసభ పాఠకుల సభ. ఏ కవి గొప్ప, ఎవరి మాట బరువు, ఎవరిది ఆర్భాటం అన్న చర్చని జనం పద్యాలుగా మలిచి రామకృష్ణుడి నోట పెట్టారు. ఇవాళ పుస్తక సమీక్ష చేసే పనే అది, కాకపోతే ఇంకాస్త పదునుగా.

దగ్గరి కాలానికొస్తే సాక్ష్యం గట్టిగా ఉంది. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు కవులు అవధానాల్లోనే కాదు, ఒకరినొకరు పద్యాలతో ఎత్తిపొడుచుకోవడంలోనూ తీసిపోలేదు. జరుక్ శాస్త్రి తోటి కవుల్ని పేరడీ చేశాడు. శ్రీశ్రీ 'సిప్రాలి', ఆరుద్ర 'కూనలమ్మ పదాలు' కూడా ఈ దారిలోవే.

ఇక తరగతి సంగతి. అన్ని చాటువులూ పిల్లల ముందు పెట్టేవి కావు. కులాన్నీ, ఆడవాళ్ళనీ, రూపాన్నీ ఎగతాళి చేసేవి చాలా ఉన్నాయి, ముందే ఏరేయండి. ఇంకోటి, మన పిల్లల్లో కొందరు తెలుగులో నోరు విప్పకపోవడానికి కారణం వాళ్ళ ఉచ్చారణకి ఎవరో పెద్దవాళ్ళు నవ్వడమే. అందుకే నేను పెట్టే షరతు ఒకటే: పద్యం తోటివాడు రాసిన దాని మీద ఉండాలి, వాడి మీద, వాడి యాస మీద కాదు. కూనలమ్మ పదం నమూనా ఇందుకు బాగా పనికొస్తుంది: అంత్యప్రాసతో మూడు చిన్న పాదాలు, చివర మకుటం. గణాల గొడవ లేదు. మొదటి వారం పొగడ్తే రాయించండి, వెక్కిరింపు రెండో వారం. మొదటి వెక్కిరింపు మాత్రం టీచరు రాసిన పద్యం మీద.