సున్నా రక్తంలో ఉండదు

మన పూర్వీకులు సున్నా కనిపెట్టారు కాబట్టి లెక్కలు మన రక్తంలోనే ఉన్నాయని ఈ మధ్య ఒక మిత్రుడు వాదించాడు. రక్తంలో ఉంటే బడెందుకండీ అని అడిగాను.

నేను రక్షణశాఖ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొన్నేళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఉన్నాను. అక్కడ వీలైన శనివారాల్లో ఒక చిన్న బడికి వెళ్ళేవాణ్ణి. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో. ఒకరోజు మూడో తరగతి పిల్లాడు నూట అయిదుని 1005 అని రాశాడు. నూరు అంటే 100, పక్కన 5. పాపం, విన్నది విన్నట్టే రాశాడు!

టీచరమ్మ కోప్పడలేదు. చిన్నపిల్లల చేత కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టించింది, పది కట్టలు కలిపి పెద్దకట్ట చేయించింది. నేల మీద మూడు గడులు గీయించింది. పిల్లాడు ఒక పెద్దకట్ట, అయిదు విడి ఈనెలు పెట్టాడు. మధ్యగడి ఖాళీ.

"ఇక్కడేం రాయాలి?"

"ఏమీ లేదుగా" అంది ఒక చిన్నపిల్ల.

"ఏమీ లేదనే రాయాలి" అంది అయిదో తరగతి అమ్మాయి.

ఖాళీ వదిలిన గడిలో తర్వాత ఎవరైనా ఏదైనా రాసేయొచ్చని లెడ్జర్లు చూసినవాళ్ళకి తెలుసు. సున్నా గొప్పతనం అదే.

ఇక చరిత్ర చూద్దాం. అండమాన్ ఆదివాసులకు ఒకటి, రెండు అనే మాటలే ఉన్నాయని 1880లలో ఇ.హెచ్. మాన్ అనే బ్రిటిష్ అధికారి రాశాడు. వాళ్ళకి లెక్క రాదనడానికి చాలామందికి ఆ ముక్క చాలింది. కానీ వాళ్ళు వేళ్ళతో ముక్కు తట్టుకుంటూ పది దాకా లెక్కపెట్టేవారని రాసిందీ ఆయనే. పక్కనున్న నికోబార్‌లో కొబ్బరికాయలే డబ్బు. అక్కడివాళ్ళు ఇరవైల లెక్కలో వాటిని ఎంచేవారు. మాయా ప్రజలు ఇరవైల లెక్కకే స్థానవిలువ ఇచ్చి, సున్నాకి గుర్తు కూడా పెట్టారు. బాబిలోన్‌లో అరవైల లెక్క.

బ్రహ్మగుప్తుడు 628లో సున్నాతో లెక్కలు చేసే నియమాలు రాశాడు. గర్వించదగ్గదే. అయితే గ్వాలియర్ శాసనంలో కనిపించే సున్నా 876 నాటిది. కంబోడియా శాసనంలో అంతకుముందే, 683లో ఉంది. మంచి పనిముట్టు ఎల్లలు దాటుతుంది. దాన్ని ఎవరి పిల్లలైనా మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే నూట అయిదు రాయమనండి. 1005 రాస్తే పూర్వీకుల గొప్ప చెప్పకండి, కాసిని ఈనెలు తెచ్చివ్వండి.