ఇస్పేటు, కళావరు, డ్రాపు

కన్నడ, తెలుగు కలగలిసే బళ్లారి బ్రూస్‌పేటలో ఒకే మాటకు రెండు కొలతలు. కన్నడలో ‘ఇస్పీటు’ అంటే మొత్తం పేకాటే. మన ‘ఇస్పేటు’ నల్ల ఆకు గుర్తొక్కటే. ‘కళావరు’ డచ్చివాళ్ల ‘క్లావర్’. వీటి ముందు ‘డ్రాపు’ (ముక్కలు పడేసి ఆట వదిలెయ్యడం) నిన్నమొన్నటిది, కానీ రమ్మీలో తలనొప్పంతా దానితోనే. చేతిలో ఇస్పేటు ఏడు, ఎనిమిది ఉన్నాయనుకోండి. జోకరు లేదు, లైఫ్ (జోకరు కలవని వరుస) పడలేదు. పాయింట్ల ఆటలో మొదటే పడేస్తే పోయేవి 20, మధ్యలో 40, ఫుల్ కౌంటు 80. ‘ఒక్క ముక్క లాగి చూద్దాం’ అన్న సరదా ఖరీదు మరో 20 (ఆ సరదా లేనివాడు పేకాటకు రాడనుకోండి). 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. మూడుముక్కలాటకు ఆ మర్యాద ఇవ్వలేదు. ఆ నైపుణ్యంలో సగం డ్రాపులోనే ఉంది.