హెల్మెట్ నుంచి రాడార్ దాకా: ద్విచక్ర వాహన భద్రత చరిత్ర

కొవ్వూరు నుంచి వాహనంపై గోదావరి దాటి రాజమహేంద్రవరం వైపు వెళ్లడానికి రెండు వంతెనలున్నాయి. ఒకటి 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన; రెండవది 2015లో వచ్చిన నాలుగో వంతెన. ఈ రెండు తేదీల మధ్య మన ప్రయాణ సాధనమే మారిపోయింది. సైకిలు తొక్కిన తరం మోపెడ్‌కు, దాని పిల్లలు మోటారు సైకిలుకు మారారు. వేగం పెరిగింది గాని, మన పుర్రె ఎముక మందం పెరగలేదు.

కొత్త బండి కొన్న యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనికి ఏబీఎస్ ఉంది కదండీ, ఇంకా భయమెందుకు?" సమాధానం చెప్పాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

తలను కాపాడిన వైద్యులు

హెల్మెట్ చరిత్రలో వైద్యుల పాత్ర పెద్దది. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు మైదానంలో వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ ఎరిక్ గార్డ్‌నర్, రైడర్ల తలగాయాలు చూసి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి ఒక శిరస్త్రాణం చేయించాడు. 1914 నాటి ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో దానిని తప్పనిసరి చేశారు. అయితే అది పందెగాళ్లకే పరిమితమైంది.

1935లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమై, ఆరు రోజుల తరువాత మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో మెదడు శస్త్రచికిత్స నిపుణుడు హ్యూ కెయిర్న్స్ ఒకడు. తరువాత కెయిర్న్స్ సైన్యంలో ఉత్తరాలు చేరవేసే మోటారు సైకిలు సైనికుల తలగాయాలను అధ్యయనం చేసి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్ ఆవశ్యకతను వివరించాడు. సైన్యం వెంటనే స్పందించింది. సామాన్య పౌరునికి మాత్రం బ్రిటన్‌లో ఆ చట్టం 1973లో వచ్చింది. రుజువుకూ చట్టానికీ మధ్య ముప్పై రెండేళ్లు!

బ్రేకు కథ

హెల్మెట్ దెబ్బను తట్టుకుంటుంది. దెబ్బ తగలకుండా ఆపలేదు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం 900 ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. తప్పించుకోవడానికి రైడర్‌కు దొరికే వ్యవధి సాధారణంగా రెండు సెకన్ల లోపేనని తేల్చింది. ఆ కంగారులో చాలామంది వెనుక బ్రేకును అతిగా తొక్కి జారిపోతున్నారు. ముందు బ్రేకును తగినంతగా వాడడం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్ల దూరం. ఆ వేగంతో గోడను ఢీకొనడం నాలుగంతస్తుల ఎత్తు నుంచి పడడంతో సమానం.

చక్రం బిగుసుకుపోతే బండి అదుపు తప్పుతుంది. ఏబీఎస్ చక్రం వేగాన్ని గమనిస్తూ, అది బిగుసుకోబోయే క్షణంలో బ్రేకు పట్టును సడలించి మళ్లీ బిగిస్తుంది. 1988లో బి.ఎం.డబ్ల్యు. కె100 మోటారు సైకిలుకు దీనిని అమర్చారు. యాదృచ్ఛికంగా, హెల్మెట్ తప్పనిసరి అన్న 129వ సెక్షను గల మన మోటారు వాహనాల చట్టం కూడా 1988 నాటిదే.

మన దేశంలో 125 సీసీ దాటిన బళ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినది 2019 ఏప్రిల్‌లో. అంతకు తక్కువ సామర్థ్యం గల బళ్లకు రెండు చక్రాల బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ చాలన్నారు. అది ఉపయోగకరమే, కాని చక్రం బిగుసుకోకుండా కాపాడే శక్తి దానికి లేదు. సామాన్యులు నడిపేది ఎక్కువగా ఈ చిన్న బళ్లనే. 2020లో డుకాటి సంస్థ ముందున్న వాహనాన్ని రాడార్‌తో పసిగట్టే మోటారు సైకిలును తెచ్చింది. అరటి గెలలు, పాలక్యాన్లు కట్టుకుని వెళ్లే మోపెడ్‌కు ఆ రాడార్ ఎప్పుడు చేరుతుంది?

యంత్రం చేయలేనిది

ఏబీఎస్ ఉన్న బళ్లపై ప్రాణాంతక ప్రమాదాల రేటు తక్కువని అమెరికా అధ్యయనాలు చూపాయి. కనుక కొనగలిగినవారు తప్పక కొనండి. కాని ఇసుక లారీల నుంచి రాలిన ఇసుక మీద, ఆరబోసిన ధాన్యం మీద టైరుకు పట్టే ఉండదు; లేని పట్టును ఏ యంత్రమూ సృష్టించలేదు. మద్యం మత్తును, నిద్రమత్తును, చేతిలోని ఫోన్‌ను అది సరిదిద్దలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్ మరణ ముప్పును 42 శాతం, తలగాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను క్రోడీకరించిన కోక్రేన్ సమీక్ష తెలిపింది.

కాబట్టి ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్ ధరించి, గడ్డం కింద పట్టీ బిగించండి. వెనుక కూర్చున్న ఇల్లాలికీ, పిల్లలకూ పెట్టించండి. తలకు దెబ్బ తగిలినవారు బాగా మాట్లాడుతున్నా నిశ్చింత వద్దు. పుర్రె లోపల రక్తస్రావమైతే కొన్ని గంటల తరువాత వాంతులు, మగత, తీవ్రమైన తలనొప్పి రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ యువకులకు నా జవాబు ఇదే: ఏబీఎస్ మీ బండిని నిలబెట్టడానికి సాయపడుతుంది. మీ తలను కాపాడే పని ఇప్పటికీ హెల్మెట్‌దే. అది పెట్రోలు ట్యాంకు మీద కాదు, తల మీద ఉండాలి.