ప్రోటాన్ వైద్యం: బర్కిలీ నుంచి చెన్నై దాకా

నేనుండే ఫ్రీమాంట్ నుంచి ఉత్తరంగా గంట డ్రైవ్ చేస్తే బర్కిలీ. ప్రోటాన్లతో మనుషులకి మొదటిసారి వైద్యం చేసింది అక్కడి ల్యాబ్‌లోనే, 1954లో. ఆలోచన మాత్రం భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్‌ది, 1946 నాటిది. ఎక్స్-రే కిరణం గడ్డని దాటి, వెనకున్న మంచి కండని కూడా దెబ్బతీస్తుంది. ప్రోటాన్ అలా కాదు. లెక్కకట్టిన లోతుకి వెళ్లి, శక్తిలో ఎక్కువ భాగం అక్కడే వదిలి ఆగిపోతుంది.

అమెరికాలో ఇది ల్యాబ్ దాటి ఆసుపత్రిలోకి రావడానికి 36 ఏళ్లు పట్టింది: 1990, లోమా లిండా. యంత్రం టన్నుల బరువు, చుట్టూ అడుగుల మందాన కాంక్రీట్ గోడలు. ఖర్చు ఎందుకంతో సైట్లో పనిచేసే మనకి వేరే చెప్పక్కర్లేదు.

దక్షిణాసియాలో మొదటి కేంద్రం 2019లో చెన్నైలో అపోలో వాళ్లు తెరిచారు. ఆ సంస్థ పెట్టిన ప్రతాప్ సి. రెడ్డి గారిది చిత్తూరు జిల్లా అరగొండ. అంటే దీనికోసం మనవాళ్లు అమెరికా దాకా రానక్కర్లేదు.

"పొలం అమ్మి ప్రోటాన్ చేయిద్దామా?" అని ఇంటి నుంచి ఫోనొస్తే తొందరపడకండి. పిల్లల మెదడు గడ్డలు, కంటి లోపలా వెన్నెముక దగ్గరా వచ్చే గడ్డలు, ఇలాంటివాటికి దీని ఉపయోగం ఎక్కువ. చాలా క్యాన్సర్లకి మామూలు రేడియేషనే సరిపోతుంది. డాక్టర్‌ని ఒక్కటే అడగమనండి: "మా మనిషికి మామూలు రేడియేషన్ కంటే ఇది ఎంత మేలు?" జవాబు విన్నాకే పొలం సంగతి.