చాటింపునుండి ట్విట్టరు దాఁక

నిజాము ఏలుబడిలో, జహీరాబాదు ప్రాంతమందలి రాయికోడువంటి గ్రామములయందు, పటేలు పట్వారీల యానతి చొప్పున వీథివీథిని డప్పు మ్రోఁగించి, నాలుగు మాటలలో వార్త ముగించి సాగిపోవు చాటింపునందు వినువాని ప్రత్యుత్తరమునకుఁ దావు లేదు. 2006లో వెలసిన ట్విట్టరు, తొలుత 140 అక్షరముల హద్దులోనే, ఆ డప్పును ప్రతివాని చేతికి నందిచ్చెను. 2020లో బెంగుళూరునఁ బుట్టిన అట్టి వేదికయే యగు ‘కూ’, తెలుఁగు మొదలగు దేశభాషలవారిని జేరఁదీసియు, 2024లో మూఁతపడెను. ట్విట్టరు లోకమంతటి సభ, ‘కూ’ ఇంటి పలుకు. పలుకు తనదైనను, వినువారు లేని చోట జనులు నిలువరని నా తలంపు.

రాయికోడు పొరుగునే, ఝరాసంగము మండలమందలి మాచనూరులో, 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోకు తనదైన పలుకును, వినువారును, రెండును గలవు. దళిత స్త్రీలు తమ యాసలోనే జొన్న, కొఱ్ఱ విత్తనముల ముచ్చటలు చెప్పుచుండఁగా, చుట్టుపట్ల పల్లెలవారు తమ యక్కచెల్లెండ్ర గొంతుకలను గుర్తుపట్టి వినిరి.