చివర వేసిన మొదటి మెట్టు

స్త్రీలు ఆలస్యంగా వచ్చారు అనే మాట చరిత్ర పుస్తకాల్లో మనం చాలాసార్లు చదివాం. సాహిత్యంలోకి ఆలస్యంగా, చదువుల్లోకి ఆలస్యంగా, ఆటల్లోకి మరీ ఆలస్యంగా. వాళ్ళు రాలేదా, రానివ్వలేదా అన్న ప్రశ్న మాత్రం ఆ వాక్యంలో ఉండదు. ఆ ప్రశ్నను ఈసారి నా రంగం కాని చోట, సైక్లోక్రాస్ అనే సైకిల్ పందెం చరిత్రలో అడిగి చూశాను.

సైక్లోక్రాస్ చలికాలపు ఆట. బురద, ఇసుక, గడ్డి వాలులతో నిండిన రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల దారిని చుట్లు చుట్లుగా తొక్కుతారు. అడ్డుపలకలు, మెట్లు వచ్చినచోట సైకిల్ దిగి, దాన్ని చేత్తో ఎత్తిపట్టుకునో భుజాన వేసుకునో పరిగెత్తి, మళ్ళీ ఎక్కుతారు. ఇది ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడ మొదటి జాతీయ పోటీ 1902లో జరిగింది. తర్వాత బెల్జియం, నెదర్లాండ్స్ దీన్ని సొంతం చేసుకున్నాయి.

పురుషులకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో పారిస్‌లో జరిగింది. జాన్ రోబిక్ గెలిచాడు. స్త్రీలకు మొదటిది 2000లో, నెదర్లాండ్స్‌లోని సింట్-మిహిల్స్‌గెస్టెల్‌లో. జర్మనీకి చెందిన హంకా కుప్ఫర్‌నాగెల్ గెలిచింది. మధ్యలో యాభై ఏళ్ళు. రోడ్డు సైక్లింగ్‌లో స్త్రీలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1958లోనే మొదలైంది కాబట్టి, ఆడవాళ్ళు సైకిల్ తొక్కలేరనే సాకు కూడా ఇక్కడ చెల్లదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ యాభై ఏళ్ళు కాదు, ఆ తర్వాత జరిగింది. అబ్బాయిలకు జూనియర్ ప్రపంచ పోటీ 1979లో, 23 ఏళ్ళ లోపు వారి పోటీ 1996లో వచ్చాయి. అంటే 2000లో స్త్రీలను పిలిచేనాటికి మూడు మెట్లున్న నిచ్చెన అక్కడ సిద్ధంగా ఉంది. స్త్రీలకు మాత్రం పైమెట్టు ఒక్కటే ఇచ్చారు. రెండో మెట్టు 2016లో వేశారు. జూనియర్ అమ్మాయిల మెట్టు 2020లో గానీ రాలేదు. ఎక్కేవాళ్ళు ముందుగా కాలుపెట్టాల్సిన మెట్టును అందరికన్నా చివర వేశారన్నమాట.

దీని అర్థం ఏమిటి? అబ్బాయి తన ఈడువాళ్ళతో పోటీపడుతూ ఒక్కో స్థాయీ ఎక్కి ఎలీట్ పోటీకి చేరతాడు. అదే వయసు అమ్మాయి నేరుగా, పదేళ్ళుగా అదే జీవికగా తొక్కుతున్న స్త్రీల మధ్యకు వెళ్ళాలి. బయలుదేరే చోట వరుసకు ఎనిమిదిమంది నిలబడతారు. ఎవరు ముందుండాలో పాత ఫలితాలే నిర్ణయిస్తాయి. ఫలితాలు లేనివాళ్ళది చివరి వరుస. దారి ఇరుకు. ముందు ఒకరు జారితే వెనకున్నవాళ్ళంతా ఆగిపోవాలి. దీనికి తోడు పెద్ద పోటీల్లో చాలాకాలం అమలైన నిబంధన ఒకటుంది. ముందున్నవారు మొదటి చుట్టుకు తీసుకున్న సమయంలో 80 శాతం మేర వెనకబడితే, తొక్కేవారిని పోటీ నుంచి పక్కకు తీసేస్తారు. నిబంధన మగవాళ్ళకూ ఉంది. కానీ మెట్లెక్కి వచ్చినవాళ్ళకూ, ఎగిరి దూకాల్సి వచ్చినవాళ్ళకూ ఒకే నిబంధన ఒకేలా తగలదు.

ఇక్కడ మరియానె వోస్ పేరు చెబుతారు. 2006లో జెడ్డంలో, పద్దెనిమిదేళ్ళ వయసులో, 31 ఏళ్ళ కుప్ఫర్‌నాగెల్‌ను చివరి పరుగులో దాటి ప్రపంచ విజేత అయింది. తర్వాత 2009 నుంచి 2014 దాకా వరుసగా, మళ్ళీ 2022లో, మొత్తం ఎనిమిదిసార్లు గెలిచింది. అసాధారణ ప్రతిభ, సందేహం లేదు. కానీ అసాధారణమైన స్త్రీని చూపించి, సాధారణ స్త్రీకి మెట్లు అక్కర్లేదనడం మనకు తెలిసిన వాదనే. సాహిత్య చరిత్రల్లో మొల్ల ఒక్కత్తే కనబడ్డప్పుడు, మిగతావాళ్ళు ఏమయ్యారని అడగడం మనం చాలా కష్టపడి నేర్చుకున్నాం. విజేతల జాబితా చదివేటప్పుడు కూడా అదే అడగాలి. వోస్ ఈడువాళ్ళు ఎంతమంది చివరి వరుసనుంచే ఇంటికి వెళ్ళిపోయారో ఏ జాబితా చెప్పదు.

ఎలీట్ స్థాయికి వెళ్ళడమంటే కాళ్ళ బలమొక్కటే కాదు. బురద పట్టిన సైకిల్‌ను పందెం మధ్యలోనే మార్చుకోవాలి. అందుకు రెండో సైకిల్ కావాలి. తను తొక్కుతుండగా పిట్‌లో నిలబడి మొదటిదాన్ని కడిగి సిద్ధం చేసే మనిషి కావాలి. జీతానికి మెకానిక్ దొరకనంతకాలం ఆ పని అమ్మో నాన్నో తోడున్నవాళ్ళో చేస్తారు. స్త్రీల బహుమతి సొమ్ము చాలాకాలం పురుషులదాంట్లో చిన్న భాగమే. పోటీ సమయమూ తక్కువే: పురుషులకు గంట అయితే స్త్రీలకు చాలా ఏళ్ళు 40 నిమిషాలు, తర్వాత సుమారు 50.

కొత్త విభాగాలు అడిగినప్పుడల్లా ఎదురయ్యే జవాబు ఒకటే: అంతమంది అమ్మాయిలు లేరు కదా! పోటీ లేనిచోటికి అమ్మాయిలు ఎందుకొస్తారు? ఈ వలయాన్ని తెంచడానికి పనిచేసినవాళ్ళలో బ్రిటన్‌కు చెందిన హెలెన్ వైమన్ ఒకరు. 2014 ప్రపంచ పోటీలో కాంస్యం గెలిచిన ఆమె, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైక్లోక్రాస్ కమిషన్‌లో సభ్యురాలిగా ఉండి సమాన బహుమతి కోసం, జూనియర్ అమ్మాయిల పోటీ కోసం వాదించింది. తాను ఎప్పటికీ తొక్కలేని పోటీ కోసం అడగడం అది. జూనియర్ వయసు దాటి ఆమెకు అప్పటికే చాలా ఏళ్ళయింది.

2016లో బెల్జియంలోని జోల్డర్‌లో, 23 ఏళ్ళ లోపు యువతుల మొదటి ప్రపంచ పోటీని ఈవీ రిచర్డ్స్ గెలిచింది. 2020లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో మొదటి జూనియర్ అమ్మాయిల పోటీని షిరిన్ వాన్ ఆన్‌రోయ్ గెలిచింది, పుక్ పీటర్సె రెండో స్థానం. మధ్యమెట్టులో 2021లో ఫెమ్ వాన్ ఎంపెల్, 2022లో పీటర్సె గెలిచారు. 2023లో హోగర్‌హైడెలో జరిగిన ఎలీట్ పోటీలో వాన్ ఎంపెల్ మొదట, పీటర్సె రెండోది. ఇద్దరికీ అప్పుడు ఇరవై ఏళ్ళే. వయసురీత్యా ఇంకా మధ్యమెట్టు మీద ఉండే వీలున్నా, పైకి వెళ్ళడం వాళ్ళు ఎంచుకున్న పని. వోస్‌కు ఆ ఎంపిక లేదు.

మెట్లు పడగానే అన్నీ సరైపోయాయని నేను అనను. మెట్టు సైకిల్ కొనిపెట్టదు, పిట్‌లో నిలబడి బురద కడగదు. కానీ పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తన ఈడువాళ్ళ మధ్య ఓడిపోయి, వచ్చే ఏడు మళ్ళీ రావడానికి ఇప్పుడొక చోటుంది. మగపిల్లలకు ఆ చోటు 1979 నుంచీ ఉంది. తీరిగ్గా ఓడిపోగలగడం కూడా ఒక హక్కేనని ఈ తేదీలు వరుసగా రాసుకున్నాకే నాకు స్పష్టంగా తెలిసింది.